దురద తగ్గినది; తామర తగ్గినదా?

కడప పట్టణమునకు మూడు దిక్కుల కొండలు. వేసవి ముదిరినప్పుడు పగటి వేడి 40 డిగ్రీలు దాటును; ప్రొద్దు క్రుంకినను ఆ వేడి ఒక పట్టున దిగదు. ఒంటికి అంటిన గుడ్డ విడువదు. తొలకరి పడిన పిమ్మట కొన్నాళ్ళు ఉక్క. ఈ దినములలో మా ప్రాంతమున ఇంటింట వినవచ్చు మాట యొకటి కలదు. పెద్దలు దానిని గొంతు తగ్గించి చెప్పుదురు. పిల్లలు చెప్పక దాచుదురు. అది తామర.

తామర ప్రాణము తీయు వ్యాధి కాదు. అందుచేతనే కాబోలు, దానిని గూర్చి ఎవరును గట్టిగా మాటాడరు. కాని అది రాత్రి నిద్రను తీయును. చదువుకొను పిల్లవానికి పాఠముమీద మనసు నిలువనీయదు. పెండ్లికి ఎదిగిన పిల్లను నలుగురిలోనికి రానీయదు. కూలి చేసికొను వాని సంపాదనలో కొంత భాగమును మందుల అంగడికి చేర్చును. ఒకప్పుడు రెండు మూడు వారముల పూతతో పోయెడి ఈ జబ్బు, 2013, 14 ప్రాంతములనుండి మన దేశమంతట నెలల తరబడి, కొందరికి ఏండ్ల తరబడి వదలకున్నది. ఇది యేల ఇట్లు మొండికెత్తినది? దీనినుండి నిజముగా కోలుకొనుట యెట్లు? ఈ ప్రశ్నలు అడుగుటకు మా యింటనే కారణము కలిగినది. కనుక ఆ కథతోనే మొదలుపెట్టుదుము.

రెండేండ్ల క్రిందట మా తమ్ముని కుమారుడు కళాశాల వసతిగృహమునుండి సెలవులకు మా ఉమ్మడి యింటికి వచ్చెను. వాని నడుము చుట్టును, గజ్జలలోను ఎఱ్ఱని చక్రములు. సిగ్గుచే ఎవరికిని చెప్పక, ఒక మందుల అంగడిలో అడిగి ట్యూబు తెచ్చుకొనెను. వైద్యుని చీటీ లేదు, పరీక్ష లేదు. వెల మాత్రము స్వల్పము. మూడు దినములలో దురద చల్లారెను. సంగతి తెలిసిన మేము కోపపడుటకు మారు “మంచి మందే దొరకినది” అని మెచ్చుకొంటిమి. పది దినములకు చక్రములు మరల లేచినవి. మరల అదే ట్యూబు. మరల మూడు దినముల సుఖము. ఇట్లు నాలుగు మారులు జరిగెను. ఐదవ మారు వచ్చునప్పటికి మచ్చలకు గుండ్రదనము పోయి తొడలవఱకు ప్రాకినవి. చర్మము పలుచబడి చారలు తేలినది. అప్పటికే వాని తువాలు వాడిన తల్లికి నడుమున, వేసవి రాత్రులు మిద్దెమీద మనుమని ప్రక్కనే చాప వేసికొనెడి అవ్వకు చేతిమీద, అవే చక్రములు పుట్టినవి.

“తగ్గిందనుకొంటిని పెదనాయనా” అని వాడు తల వంచుకొనెను. దాచినది వాని తప్పు. మెచ్చుకొన్నది మా తప్పు. రెండింటిలో మాదే పెద్దది. చర్మవైద్యుని యొద్దకు తీసికొనిపోగా, ఆయన మచ్చలకంటె ముందు ట్యూబును అడిగి చూచెను. “అయ్యా, ఈ మందు దురదను నిద్రపుచ్చినది. తామరకు మాత్రము అన్నము పెట్టినది” అనెను. ఆ మాటలోని అర్థమును విప్పి చెప్పుటయే ఈ ప్రసంగము పని.

తామర అనగానేమి? ఆంగ్లమున దీని పేరులో పురుగు అను మాట కలదు. గుండ్రముగా చుట్టుకొనిన పురుగు చర్మము క్రింద నున్నదని పూర్వము పాశ్చాత్యులు తలచిరి. పురుగు లేదు. ఉన్నది బూజు. తడిసిన రొట్టెమీద, ఊరగాయ జాడీ అంచున పట్టు బూజునకు ఇది దూరపు చుట్టము. శాస్త్రజ్ఞులు ఈ జాతిని శిలీంధ్రము లందురు. తల తామరవంటి వ్యాధులకు కారణము శిలీంధ్రమేయని 1840 ప్రాంతములలో పారిస్ నగరమున డేవిడ్ గ్రూబీ అను వైద్యుడు సూక్ష్మదర్శినితో చూచి నిరూపించెను. సూక్ష్మజీవులవలన రోగములు కలుగునని పాశ్చర్, కాక్ మొదలగువారు లోకమును ఒప్పించుటకు ఇది ఎన్నో యేండ్లు ముందటి మాట.

ఈ బూజునకు ఆహారము కెరటిన్ అను పదార్థము. మన చర్మపు పైపొర, వెండ్రుక, గోరు ఈ పదార్థముతోనే కట్టబడినవి. పైపొరలోనిది జీవము లేని కణముల వరుస. బూజు అక్కడనే కాపురముండి, కేంద్రమునుండి నలువైపులకు ప్రాకిపోవుచుండును. అది ప్రాకు అంచున శరీరము ఎదురు తిరిగి పోరాడును. ఆ పోరాటమే ఎఱ్ఱదనము, పొక్కులు, పొట్టు, దురద. మొదట పట్టిన నడిమి భాగము కొంత తేటపడును. అందుచేతనే తామర ఉంగరమువలె కనబడును. దురద అనునది బూజు చేయు పని కాదు. బూజు ఉన్నదని శరీరము పెట్టు కేక. ఈ యొక్క మాట మనసున పెట్టుకొన్నచో తక్కినదంతయు సులభముగా తెలియును.

మందుల అంగడిలో ఇచ్చు పలు ట్యూబులలో రెండు మూడు మందులు కలిసియుండును. బూజును చంపు మందొకటి, సూక్ష్మజీవులను చంపు మందొకటి, వానితోపాటు క్లోబెటసాల్, బీటామెథసోన్ వంటి గట్టి స్టిరాయిడు ఒకటి. స్టిరాయిడు పని శరీరపు పోరాటమును ఆపుట. పోరాటము ఆగగానే ఎఱ్ఱదనము పోవును, దురద పోవును. కేక ఆగినదని ఇంటివారు సంతోషింతురు. దొంగ మాత్రము ఇంటిలోనే యుండును. ఇప్పుడు వానికి అడ్డు చెప్పువారును లేరు. పూత మానిన కొద్ది దినములకు వ్యాధి ముందటికంటె విరివిగా లేచును. ఉంగరపు ఆకారము చెడుటచే వైద్యునికి సైతము గుర్తించుట కష్టమగును. స్టిరాయిడు పూతలచే ఇట్లు మారువేషము వేసిన తామరను 1968లో ఇంగ్లండు వైద్యు లిద్దరు వర్ణించి, గుర్తుపట్టరాని తామర అను అర్థము వచ్చు లాటిను పేరు పెట్టిరి. మా పిల్లవాని తొడలమీద మేము చూచినది అదియే. చర్మము పలుచబడి తేలిన చారలు మాత్రము తామరవి కావు, స్టిరాయిడువి. అవి పూర్తిగా మానవు.

ఈ హానిని ప్రభుత్వమును గుర్తించినది. 2018 మార్చిలో చర్మముపై పూయు స్టిరాయిడులను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని నియమము చేసినది. ఆ సంవత్సరమే సెప్టెంబరులో 328 మిశ్రమ ఔషధములను నిషేధించినప్పుడు, వానిలో ఇట్టి లేపనములును కొన్ని చేరియుండెను. ఐనను చీటీ లేక కొనుట, చుట్టము చెప్పిన ట్యూబు తెచ్చుట మానలేదు. కనుక అంగడిలో ఏది దొరకినను, దానిమీద వ్రాసిన పేరులు చదివి కొనుట మన పనియే. పేరు చివర “సోన్” అనియో “సాల్” అనియో ఉన్నచో ఆగి అడుగుడు. అది స్టిరాయిడు కావచ్చును.

ఇక బూజు సంగతి. అదియు ఊరకుండలేదు. మన దేశమున ఇప్పుడు విస్తారముగా వ్యాపించిన తామరబూజు పాత రకము కాదు. జపాను శాస్త్రజ్ఞులు 2020లో దానికి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అను పేరు పెట్టిరి. “ఇండో” అను మాట మన దేశమును సూచించునదే. బూజునకు విరుగుడుగా పేరుపొందిన టెర్బినఫిన్ అను మందు దీనిలోని కొన్ని తెగలపై సరిగా పనిచేయదు. 2023లో అమెరికాలోని న్యూయార్కు నగరమునను ఇట్టి రోగులు ఇద్దరు కనబడిరని అక్కడి ప్రభుత్వ ఆరోగ్యసంస్థ ప్రకటించినది. అర కొర చికిత్సలు, స్టిరాయిడు మిశ్రమములు ఈ బూజు మొండితనమునకు తోడ్పడినవని మన చర్మవైద్యులు హెచ్చరించుచున్నారు. ఒక యింటిలో నాలుగు దినములు పూసి మానిన ట్యూబు ఆ యింటితో పోదు.

మన పెద్దలకు ఈ వ్యాధి తెలియనిది కాదు. సంస్కృతమున దీనిని దద్రువు అందురు. చేల గట్లమీద వానకాలమున మొలచు తగిరిసకు దద్రుఘ్నమను పేరు కలదు. అనగా తామరను చంపునది. సీమ అవిసెను మెట్టతామర యనుటయు ఈ వ్యాధినిబట్టియే యని చెప్పుదురు. ఈ జాతి మొక్కలలో బూజును కొంత అణచు పదార్థములున్నమాట నిజము. కాని పచ్చి ఆకు నూరి రుద్దినప్పుడు మోతాదు ఎవరి చేతిలోను ఉండదు. చర్మము పొక్కుటయు కలదు. ఇక సున్నము, వెల్లుల్లి, కిరసనాయిలు రుద్దుట కేవలము చర్మమును కాల్చుకొనుటయే. మా కడప సీమ పసుపునకు మంచి పేరే కలదు గాని, ఈ మొండి తామరను వదలగొట్టు శక్తి దానికి లేదు.

చిత్రమేమనగా, ఈ బూజునకు లోనికి మ్రింగు తొలి మందు మరియొక బూజునుండియే వచ్చినది. పెనిసిలియమ్ జాతి బూజునుండి గ్రిసియోఫల్విన్ అను పదార్థమును 1939లో వేరుపఱచిరి. అది నోటి ద్వారా ఇచ్చినను తామరను కుదుర్చునని 1958లో జంతువులపై తేలినది. పిమ్మట మనుష్యులకును వాడుకలోనికి వచ్చినది. ఆ తరువాత క్లోట్రిమజోల్, ఇట్రాకొనజోల్, టెర్బినఫిన్ మొదలగునవి వచ్చినవి. మందులకు కొఱత లేదు. కొఱత కాలమునకు, ఓర్పునకు.

ఎంత కాలము? చర్మపు పైపొర అడుగునుండి పుట్టి పైకి వచ్చి రాలిపోవుటకు సుమారు 4 వారములు పట్టును. బూజు పట్టిన పొర రాలి, శుభ్రమైన పొర దాని చోటికి రావలెను. కనుక మూడు దినములలో తామర పోవుట ప్రకృతిలోనే లేదు. చిన్న మచ్చ ఒకటి రెండే యున్నచో స్టిరాయిడు లేని పూత 2 నుండి 4 వారములు సరిపోవచ్చును. మచ్చమీదనే గాక దాని అంచు దాటి రెండు వ్రేళ్ళ మేర వఱకు పూయవలెను. బూజు కంటికి కనబడు అంచును దాటి ముందే పోయియుండును. మచ్చ కనబడకుండ పోయిన పిమ్మటను మరి ఒకటి రెండు వారములు పూత మానరాదు. పలు చోట్ల వ్యాపించినప్పుడు, తిరుగబెట్టినప్పుడు నోటి మందు అవసరమగును. దానిని 4 నుండి 6 వారములు, కొన్ని యెడల అంతకు మించియు వాడవలసివచ్చును. తలలోని తామర, గోటిలోని తామర పై పూతకు లొంగవు. వానికి నోటి మందే కావలెను. ఈ మందులు కాలేయమునకు గాని గుండెకు గాని కొందరికి సరిపడవు. ఇతర మందులతో పొసగకపోవుటయు కలదు. గర్భిణులు, బాలింతలు, పసిపిల్లలు, మధుమేహము గలవారు వైద్యుని చూపులోనే వాడవలెను.

మా యింట ఈ ఓర్పునకు పరీక్ష రెండవ వారముననే వచ్చినది. అవ్వ ట్యూబును గూటిలో పెట్టివేసి “దురద లేదు గదా, ఇంకెందుకురా నాయనా మందు?” అనెను. ఏమి చెప్పవలెనో తోచక, వేరుసెనగ చేనిలో తిక్క ఆకుమచ్చ తెగులు వచ్చినప్పుడు తాతయ్య ఏమి చేసెడివారని అడిగితిమి. “ఒకసారి మందు కొట్టి, పదునైదు దినాలకు మళ్ళీ కొట్టేవాడు. మచ్చ ఎండినంత మాత్రాన తెగులు పోయినట్టా?” అని, వెంటనే తానే నవ్వి, గూటిలోని ట్యూబును తీసికొనెను. ఆ తెగులును శిలీంధ్రమే. ఎనుబది యేండ్ల రైతు ఇల్లాలికి అంతకు మించి శాస్త్రము చెప్పనక్కర లేకపోయెను.

కోలుకొనుటలో సగము పని మందుది; తక్కిన సగము ఇంటిది. ఒకరికి చికిత్స చేసి ఇద్దరిని విడిచినచో ఆ యిద్దరినుండి మొదటివానికి మరల అంటును. అందఱకు ఒకేసారి చేయవలెను. ఎవరి తువాలు, దుప్పటి, లోదుస్తులు వారివిగా ఉండవలెను. తడి ఆరని గుడ్డ కట్టరాదు. బిగువైన నైలాను వంటి బట్టలకంటె వదులైన నూలుబట్టలు మేలు. స్నానము చేసిన పిమ్మట గజ్జలు, చంకలు, కాలివ్రేళ్ళ సందులు పొడిగా తుడుచుకొనవలెను. ఆడవారికి లంగా బొందు బిగిసిన చోటను, మగవారికి మొలత్రాడు క్రిందను తామర తరచుగా నిలిచిపోవును. మొలత్రాడు చెమటను, బూజును పీల్చుకొని ఎన్నడును ఆరదు. చికిత్స ముగియువఱకు దానిని తీసివేయుట మంచిది. ఆచారమని వెనుకాడువారు కనీసము పాతది తీసి క్రొత్తది కట్టుకొనవలెను. లేగదూడల కండ్లచుట్టు, మెడమీద బెరడు కట్టిన బూడిదరంగు మచ్చలున్నచో అవియు తామరయే కావచ్చును. పిల్లులకు, కుక్కలకును కలదు. పశువైద్యునికి చూపవలెను.

బట్టల మాట వచ్చినది గనుక ఒక పాత అన్యాయమును చెప్పవలెను. తెల్లదొరల కాలమున గజ్జల తామరకు ధోబీ దురద యని వారు పేరు పెట్టిరి. చాకలి ఉతికిన బట్టలవలన వచ్చినదని వారి నింద. ఆ పేరు ఆంగ్ల వైద్యగ్రంథములకును ఎక్కినది. కాని మన చాకలి చేసినదేమి? బట్టలను చవుటినీట తడిపి, బానపై పేర్చి, ఆవిరితో ఉబ్బవేసెను; పిదప మండుటెండలో ఆరవేసెను. గుడ్డలోని తామరబూజును చంపుటకు 60 డిగ్రీల వేడినీరు కావలెనని నేటి శాస్త్రము చెప్పుచున్నది. ఉబ్బలోని వేడి అంతకు తక్కువ కాదు. దోషమని నిందించిన పనియే అసలు కాపుదల. నేడు చల్లనీళ్ళలో అందఱి బట్టలు కలిపి త్రిప్పు యంత్రములు ఇంటింట వచ్చినవి, ఉబ్బ పోయినది. కనుక రోగి బట్టలను వేరుగా, చేయి పెట్టలేనంత వేడినీట నానవైచి ఉతికి, లోపలి వైపు పైకి తిప్పి ఎండలో వేయవలెను. వీలైనచో కుట్లమీద ఇస్త్రీ గట్టిగా పోనీయవలెను. నీటికి కరవైనను ఎండకు కరవు లేని సీమ మనది.

వ్యాధి పోయినదని ఎట్లు తెలియును? దురద లేకుండుట ఒక్కటే గుర్తు కాదు. అంచు ఎత్తు దిగవలెను, పొట్టు రాలుట మానవలెను, క్రొత్త చక్రము పుట్టకుండవలెను. నల్లని మచ్చ మాత్రము కొన్ని నెలలు నిలువవచ్చును. అది వ్యాధి కాదు, వ్యాధి విడిచిన జాడ. దానిని చెరపుటకు మరల స్టిరాయిడు పూతలు, తెల్లబఱచు లేపనములు కొనుట తెలివి గాదు.

మరియొక హెచ్చరిక. మన వాడుకలో ఏ మచ్చ వచ్చినను తామర యనుట కలదు. గుండ్రని మచ్చలన్నియు తామర కావు. దురద లేక, తాకినను గిల్లినను తెలియక మొద్దుబారిన మచ్చ కుష్ఠువ్యాధికి గుర్తు కావచ్చును. దానికి ప్రభుత్వ వైద్యశాలలలో మందు ఉచితము; తొలినాడే వాడినచో అంగవైకల్యము రాదు. తలలో గుండ్రముగా వెండ్రుకలు రాలి నున్నగా మెరయునది పేనుకొరుకుడు; అది బూజు కాదు. పొట్టు రేగి వెండ్రుకలు తుంపులైనచో తల తామర యని అనుమానింపవలెను. సందేహమున్నప్పుడు వైద్యులు మచ్చ అంచున పొట్టును గోకి, పొటాషియము హైడ్రాక్సైడు చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూతురు. కొద్ది నిమిషముల పరీక్ష, నొప్పి లేదు. కడపలో 2006లో నెలకొల్పిన రిమ్స్ వంటి బోధనాసుపత్రులలో చర్మవ్యాధుల విభాగములు ఇందుకొఱకే యున్నవి.

మా యింట ముగ్గురికి ఒకేసారి ఆరంభించిన చికిత్స ఎనిమిది వారములకు ముగిసినది. అవ్వకును కోడలికిని ముందే నయమయ్యెను. పిల్లవానికి మాత్రము చివరి వారము వఱకు పట్టినది. వాడు వసతిగృహమునకు తిరిగి పోవునప్పుడు పెట్టెలో రెండు క్రొత్త తువాళ్ళు పెట్టుకొని, “గదిలో ఇంకా నలుగురికి ఉంది పెదనాయనా. ఈసారి నేనే చెప్తాను” అనెను. తామరనుండి కోలుకొనుట యనగా ఇదియే యని మాకు తోచినది. దాచినంత కాలము అది పెరుగును. చెప్పిన దినముననే తగ్గుట మొదలగును.

ఈ ప్రసంగము చదువుచున్న మీ యింటను ఎవరైన చాటుగా ట్యూబు పూసికొనుచుండవచ్చును. కోపపడకుడు, మావలె మెచ్చుకొనకుడు. ఆ ట్యూబును తీసి, దానిమీద ఏమి వ్రాసియున్నదో చదువుడు.